సారు చెయ్యి ఆరిపోయింది

ఎగువపేట పెద్దాసుపత్రి ఆరో వార్డులో తెల్లవారడం అంటే బండ్లు కదలడమే. మనిషి ఎత్తున్న తెల్లటి బండ్లు రబ్బరు చక్రాల మీద మెత్తగా దొర్లుతూ వచ్చి ఒక్కో మంచం దగ్గర ఆగుతాయి. చేతుల్లాంటి పట్టీలు చాపి రోగిని పక్కకు తిప్పుతాయి. దుప్పటి మారుస్తాయి. మణికట్టు మీద చల్లటి బిళ్ళ ఒకటి ఆనించి, సూది గుచ్చకుండానే రక్తంలో ఏముందో చదివేస్తాయి. "నొప్పిగా ఉందా?" అని అడుగుతాయి. ఉందంటే మందు వదులుతాయి, లేదంటే పక్క మంచానికి పోతాయి.

అది 2079వ సంవత్సరం. మూత్రపిండాన్ని అచ్చు పోసి అమర్చడం జిల్లా ఆసుపత్రుల్లో కూడా మామూలైపోయింది. తుంటి ఎముక మార్చుకున్న మనిషి మర్నాడే లేచి నడుస్తున్నాడు. అయినా ఆరో వార్డు వాసన మాత్రం మారలేదు. పైన బ్లీచింగు ఘాటు, దాని కింద అణిగి ఉండే నీళ్ళ విరేచనాల వాసన. ఎంత కడిగినా అది వార్డు గోడల్లోనే పుట్టినట్టు ఉండేది.

డాక్టర్లు దాన్ని ఆసుపత్రి పేగువాపు అనేవారు. జనం వార్డు బేదులు అనేవారు. మనిషి పేగుల్లో కోట్లాది మంచి సూక్ష్మజీవులు కాపురముంటాయి. వేరే ఏదో జబ్బుకు బలమైన యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు చెడ్డవాటితో పాటు ఆ మంచివి కూడా చచ్చిపోతాయి. పేగు ఖాళీ మడి అవుతుంది. అప్పుడు ఒక మొండి బాక్టీరియా అక్కడ దిగి, విషం వదిలి, పేగు గోడను తినడం మొదలుపెడుతుంది. దాని బలమంతా దాని బీజంలో ఉంది. ఇంగ్లీషులో స్పోర్ అంటారు. గట్టి పెంకు తొడుక్కుని మంచం ఊచ మీదా తలుపు పిడి మీదా నెలల తరబడి తిండీ నీరూ లేకుండా పడుంటుంది. చేతులకు రాసుకునే స్పిరిట్ జెల్ దాన్ని చంపలేదు. సబ్బుతో బాగా రుద్ది నీళ్ళతో కడిగితే చావదు గానీ కొట్టుకుపోతుంది. ఇంత ముందుకొచ్చిన కాలంలోనూ చేతుల మీది బీజానికి ఇంతకంటే మంచి విరుగుడు దొరకలేదు.

కిటికీ పక్క మంచం మీద పడుకున్న శ్రీనిధికి ఆ జబ్బు ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. తుంటి ఎముక మార్పిడికని వచ్చిన మనిషి, ఎముక అతికింది గానీ ఇల్లు చేరలేదు. ఒకప్పుడు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపరు లారీ నడిపిన ఒళ్ళు, ఇప్పుడు దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది.

ఆమె మంచానికి చేయి చాపినా అందనంత దూరంలో బాలమణి నిలబడి ఉంది. నలభైకి దగ్గరపడుతున్న సూక్ష్మజీవ శాస్త్రవేత్త. ఆ ఆసుపత్రి పరిశోధనశాల ఆమె చేతిలోనే ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే చిన్నమ్మ శ్రీనిధే పెంచింది. ఆ ఇంట్లో డిగ్రీ అన్నది చదివిన మొదటి మనిషి బాలమణే.

"ఏం, ఇయ్యాల గూడ దూరంకెళ్లే చూసి పోతవా?" అంది శ్రీనిధి.

"చూస్తున్న గద చిన్నమ్మా."

"గోడ మీది బల్లి గూడ చూస్తది."

బాలమణికి నవ్వు వచ్చింది గానీ నవ్వేంత ఓపిక లేదు. "గోళీలు మింగినవా?"

"మింగిన. ఎవల పెంటనో గోళీలు జేసి మింగిపిస్తున్నరంట గద. బండి చెప్పింది."

"పెంట గాదు. మంచి సూక్ష్మజీవులు. నీ పేగుల నాటు పెడుతున్నం."

"నాటు పెట్టనీకి బురద గావాలె. అందుకేనా నన్ను ఇన్ని దినాలు నీళ్ళోలె పారిచ్చింది?"

"మాటలు తక్కువ జెయ్యి. అలసిపోతవ్."

ఆ నాటు వేళ్ళూనుకునేదాకా శ్రీనిధి కడుపులోకి కొత్తగా ఒక్క బీజం కూడా పోకూడదు. మూడోసారి జబ్బు తిరగబడితే పేగుకు చిల్లు పడుతుందనీ, ఆ ఒంటితో ఆపరేషన్ బల్ల మీది నుంచి దిగదనీ సర్జన్ దాపరికం లేకుండా చెప్పాడు. అందుకే బాలమణి ఆమెను ముట్టుకోవడం మానేసింది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా రోజంతా ఆ బాక్టీరియాతోనే పని. తన చేతుల మీద తనకే నమ్మకం లేదు.

ఆ అపనమ్మకంలోంచే బీజదర్శిని పుట్టింది.

దాని పని చెప్పుకోవడానికి తేలిక. వార్డు పైకప్పు నుంచి ఊపిరి కంటే సన్నని పొగమంచు ఒకటి ఎప్పుడూ కురుస్తూ ఉంటుంది. అందులో బాలమణి తయారుచేసిన ప్రొటీన్ అణువులుంటాయి. అవి ఆ ఒక్క బాక్టీరియా బీజం పెంకును తప్ప దేన్నీ పట్టుకోవు. పట్టుకున్నాక, పైనున్న నీలి దీపాల కింద మెరుస్తాయి. ఎక్కడ మెరిస్తే అక్కడ బీజాలున్నట్టు. కంటికి కనబడనందువల్లే మనిషి జాగ్రత్త పడడు, కనబడితే పడతాడు అని బాలమణి నమ్మింది. ఆ పరికరానికి ఒక యంత్రబుద్ధి కూడా ఉంది. అది వార్డంతా చూస్తూ, లెక్క కడుతూ, చెవిలో పెట్టుకున్న చిన్న గుండీ ద్వారా ఆమెతో మాట్లాడుతుంది. దాన్ని ఆమె దర్శిని అని పిలిచేది.

మెరుపు రంగు దగ్గరే సూపరింటెండెంట్ ఆరాధ్య మేడంతో పేచీ వచ్చింది. బాలమణి ఎరుపు పెట్టింది.

"ఎర్రగ పెడితే వార్డు ఖాళీ అయితది బాలమణీ. రక్తమనుకుంటరు," అంది ఆరాధ్య. "పేషెంట్లు బెదిరిపోతే జవాబు చెప్పేది నేను. జర శుభంగుండే రంగు పెట్టు."

"క్రిమికి శుభమేంది మేడం?"

"పసుపు పెట్టు. పసుపుకు ఎవ్వలు భయపడరు."

భయపడాలనే కదా ఈ తంటా అంతా అని బాలమణి అనబోయింది. కానీ అనుమతి కాగితం మీద సంతకం ఆ చేతిలో ఉంది. ఒప్పుకుంది. పసుపుకొమ్ము అరగదీసిన రంగు, కొంచెం బంగారు ఛాయ.

దీపాలు వెలిగించిన రోజు వార్డంతా నీలి చీకట్లో మునిగింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. బండ్లు నల్లగా ఉన్నాయి. వాటిని ఆవిరితో, బ్లీచింగుతో యంత్రాలే కడుగుతాయి కాబట్టి ఒక్క చుక్క లేదు. నేల దాదాపు శుభ్రం. మంచాల ఊచల మీద అక్కడక్కడా పసుపు మరకలు. మరుగుదొడ్డి తలుపు పిడి దీపంలా వెలుగుతోంది. బాలమణి అన్నీ నమోదు చేసుకుంటూ ఉండగా తలుపు తెరుచుకుని డాక్టర్ సాత్విక్ రౌండ్సుకు వచ్చాడు.

ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా బంగారంలా మెరుస్తోంది.

డాక్టర్ సాత్విక్ అరవై దాటిన మనిషి. చుట్టుపక్కల జిల్లాల్లో ఆయన హస్తవాసి గురించి తెలియని ఇల్లు లేదు. బండి అంతా కొలిచి, చదివి, మందు కూడా వదిలాక, ఆయన వచ్చి రోగి కడుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. యంత్రాలు చెప్పినదానికంటే ఆ చెయ్యి ఎక్కువ చెప్పేదా అంటే, లేదనే బాలమణి అభిప్రాయం. అయినా ఆ ఆసుపత్రిలో రోగిని ముట్టుకునే డాక్టర్ ఆయనొక్కడే మిగిలాడు. చూడడం అయిపోయాక రోగులు ఆ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకునేవారు. వైద్యం చదివే రోజుల్లో నేర్చుకున్న అలవాటు ప్రకారం ఆయన మంచానికీ మంచానికీ మధ్య స్పిరిట్ జెల్ తప్పకుండా రాసుకునేవాడు. బీజాన్ని ఏమీ చేయలేని జెల్.

మూడో మంచం మీది హర్షితమ్మ ముందు కేక వేసింది. ఊపిరితిత్తుల నిమ్ముతో వచ్చిన ముసలామె. "అయ్యో, సారు చెయ్యి సూడుండ్రి! బంగారం లెక్క మెరుస్తాంది!"

సాత్విక్ చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇదేందమ్మా బాలమణీ?"

"బయటికి రండి సార్, చెప్త," అంది బాలమణి.

ఆయన కదిలేలోపే హర్షితమ్మ లేచి కూర్చుని ఆ చెయ్యి లాక్కుని రెండు కళ్ళకూ అద్దుకుంది.

కడుగుతొట్టి దగ్గర బాలమణి చెప్పింది. చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. సాత్విక్ సబ్బు తీసుకుని మోచేతి దాకా రుద్దుకున్నాడు. నీళ్ళ కింద పసుపు జారి, సన్నబడి, పోయింది.

"ఇన్నేండ్ల సంది ఎంతమందికి అంటిచ్చిన్నో," అన్నాడు తడిచేతులు చూసుకుంటూ.

"తెల్వదు సార్. తెలిసినా నేను చెప్పను."

"నా పేరు రాస్తవా రిపోర్టుల?"

"చెయ్యి అని రాస్త. ఎవరిదన్నది రాయను. సబ్బుతోని కడుగుండ్రి సార్, ప్రతి మంచానికి. అంతే."

సాత్విక్ మాట నిలబెట్టుకున్నాడు. మంచానికొకసారి తొట్టి దగ్గరికి పోయి కడుక్కునేవాడు. కీళ్ళ నొప్పుల మనిషి, అటూ ఇటూ తిరగడానికే సగం పూట గడిచేది. వార్డు బేదులు తగ్గుముఖం పట్టాయి. ఆరాధ్య మేడం అభినందించింది. బాలమణి ఆ వారం ఇంటికి పోయి పూర్తిగా నిద్రపోయింది.

కానీ హర్షితమ్మకు నిమ్ము తగ్గింది. మందుల వల్ల తగ్గవలసిన సమయానికే తగ్గింది. బీజాలు అంటినా ఆమె పేగులు గట్టివి, ఏమీ కాలేదు. ఇంటికి పోతూ పోతూ మంచం మంచానికీ చెప్పి మరీ పోయింది.

"నేను సచ్చిపోయేదాన్నేనమ్మా. సారు చెయ్యి మెరిసిననాడు కండ్లకద్దుకున్న. ఇగో, లేచి పోతున్న. మీరు గూడ మెరిసినప్పుడే అద్దుకోండ్రి, ఉత్త చెయ్యికి గుణముండది."

మర్నాటి నుంచి సాత్విక్ వస్తుంటే అందరి చూపులూ ఆయన చేతి మీదే. చెయ్యి నల్లగా, శుభ్రంగా ఉంది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కిటికీ దగ్గర నిలబడ్డ బాలమణికి ఎవరో గుసగుసగా అనడం వినిపించింది: "సారు చెయ్యి ఆరిపోయింది."

ఒక మంచం దగ్గర సాత్విక్ అలవాటుగా దుప్పటి తొలగించబోతే, ఆ మనిషి మర్యాదగా పట్టుకుని ఆపాడు. "వద్దు సారూ, మీకెందుకు తిప్పల. బండి చూసింది పొద్దుగాల." ఆ మర్యాదకే సాత్విక్ మొహం వాడిపోయింది. తిట్టినా అంత నొచ్చుకునేవాడు కాదు.

బాలమణి రోగులకు నచ్చజెప్పి చూసింది. అది క్రిమి వెలుగు అని బొమ్మలు గీసి చెప్పింది. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, తలలూపారు. అంతా అయ్యాక ఒకాయన, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. మరి సారుకు మళ్ళ ఎప్పుడొస్తది వెలుగు?" అని అడిగాడు.

కొన్నాళ్ళకు విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి. ముందు ఒక మంచం, తర్వాత దాని ఎదురు మంచం. బాలమణి పరిశోధనశాలలో కూర్చుని దర్శినిని అడిగింది. దర్శిని పుస్తకాల భాష మాట్లాడేది.

"బీజాలు ఎక్కడ కనిపిస్తున్నాయి?"

"మంచాల మీద తగ్గాయి, నేల మీద లేవు. రోగుల ముఖాల మీద ఉన్నాయి. కనురెప్పలు, బుగ్గలు, పెదవులు."

"మొహం మీదికి ఎట్ల వస్తున్నాయి?"

"ఒక చేతిని ముఖానికి అద్దుకోవడం వల్ల. డాక్టర్ సాత్విక్ గారి చేతిని."

"ఆయన కడుక్కుంటున్నారు గదా!"

"వార్డులోకి వచ్చేముందు కడుక్కుంటున్నారు. మొదటి మంచం ఊచ పట్టుకున్నాక చెయ్యి మెరుస్తోంది. ఆ తర్వాత కడుక్కోవడం లేదు. కొన్ని రోజులుగా ఆయన ఆ ఊచను అవసరమైనదానికంటే ఎక్కువసేపు పట్టుకుంటున్నారు."

బాలమణి కుర్చీలోంచి లేచింది. "ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"రిపోర్టులో చెయ్యి అని రాస్తానని డాక్టర్ సాత్విక్ గారితో అన్నారు. ఎవరిదన్నది రాయనన్నారు. నేనూ అదే పాటించాను."

"ఇప్పుడెక్కడున్నరాయన?"

"కిటికీ పక్క మంచం దగ్గర."

బాలమణి పరుగెత్తింది. వార్డు తలుపు తోసేసరికి సాత్విక్ శ్రీనిధి మంచం పక్కన వంగి ఉన్నాడు. శ్రీనిధి తానే చొక్కా పైకి తీసి పొట్ట చూపిస్తోంది. నీలి చీకట్లో ఆ బంగారు చెయ్యి ఆమె కడుపు మీదికి దిగుతోంది.

"ముట్టకుండ్రి!"

వార్డంతా ఉలిక్కిపడింది. సాత్విక్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తర్వాత ఆయన దాన్ని కోటు జేబులో పెట్టుకున్నాడు, దొంగతనం చేసి దొరికినవాడిలా. తొట్టి వైపు నడిచాడు. బాలమణి వెనకే వెళ్ళింది.

"మీకు తెలుసు సార్. పేషెంట్లకు తెల్వదు, మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"మా చిన్నమ్మ పేగుల ఏం లేదిప్పుడు. ఒక్కటి బోతే చాలు."

"తెలుసు." ఆయన సబ్బు చేతిలోకి తీసుకున్నాడు గానీ రుద్దుకోలేదు. "నేను మొదట్ల కడుక్కున్న. నువ్వు చూసినవు. కడుక్కుంటే కడుపు చూపిస్తలేరు. నలభై ఏండ్లు నాకు కడుపు చూపిచ్చిన జనం... బండి చూసింది సారూ అంటున్నరు. ఆ ఊచ పట్టుకున్ననాడు మళ్ళ పిలిచిన్రు. సారూ ఇటు, సారూ ఇటు అని. ఇయ్యాల ఒక్కనాడు, రేపటి నుంచి కడుగుదాం అనుకున్న. రోజూ అట్లనే అనుకున్న."

బాలమణికి కోపం రావలసిన చోట అలసట వచ్చింది. ఫిర్యాదు చేస్తే ఈయన పోతాడు. ఈయన పోతే జనం మెరిసే ఇంకో చెయ్యి వెతుక్కుంటారు. తలుపు పిడిని కళ్ళకద్దుకున్నా ఆశ్చర్యం లేదు.

"కడుక్కోండి సార్," అంది.

తిరిగొచ్చేసరికి శ్రీనిధి మొహం గోడ వైపు తిప్పుకుని ఉంది.

"చిన్నమ్మా, అది వెలుగు గాదు. రోగం."

"ఎరికే. నువ్వు బొమ్మ గీసి చెప్పినవ్ గద అందరికి. నేనేమన్న చెవిటిదాన్నా?"

"ఎరికై గూడ పొట్ట చూపిచ్చినవా!"

శ్రీనిధి మెల్లగా ఇటు తిరిగింది. "ఈ నాటు పెట్టిన కాడికెళ్లి నా ఒంటి మీద మనిషి చెయ్యి వడలేదు. బండి తిప్పుతది, బండి తుడుస్తది. చల్లగుంటది బిడ్డా, దాని పట్టీ. ఆయన చెయ్యి మెరిస్తే నాకేంది, మెరవకుంటే నాకేంది. ఎచ్చగుంటదని పిలిచిన. ఆయన చెయ్యి ఆపినవ్. నువ్వన్న పెట్టు."

"నా చేతులకు గూడ ఉండొచ్చు."

"నీ చిన్నప్పుడు కడుపునొప్పంటే డ్యూటీ దిగొచ్చి అట్లనే అరచెయ్యి పెట్టి కూసున్న. అప్పుడు నా చేతులకు బొగ్గుండె. సచ్చినవా?"

బాలమణి చెయ్యి చాపబోయి ఆగింది. ముట్టుకోలేదు. దుప్పటి అంచు గ్లవుజు వేసుకున్న వేళ్ళతో సర్ది బయటికి వచ్చింది.

పరిశోధనశాలలో బల్ల మీద తల ఆన్చి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది. "దర్శినీ, బీజాల మెరుపును మనిషి కంటికి కనబడకుండా, నీకు మాత్రమే కనబడేట్టు మార్చొచ్చా?"

"మార్చవచ్చు. పరారుణ కాంతిలోకి జరిపితే నేను మాత్రమే చూడగలను."

"ఆ పసుపు మెరుపును సబ్బులో పెడితే?"

"వివరించండి."

"చెయ్యి సరిగ్గా, చాలినంతసేపు రుద్దుకుంటేనే మెరవాలె. ఊరికె తడిపి వదిలేస్తే మెరవొద్దు. కొద్దిసేపట్ల ఆరిపోవాలె, మళ్ళ కడుక్కుంటేనే రావాలె."

"సాధ్యమే. కానీ అప్పుడు కాంతి బీజాలను చూపదు. మీ పరికరం నిజాన్ని చూపడానికి చేసినది."

"నిజం నువ్వు చూడు. వాళ్ళకు వాళ్ళు అడిగేది చూపిద్దాం."

"ఇది వారిని మోసగించడం కాదా?"

"అవును," అంది బాలమణి. "ఇంకేమన్న ఉపాయముంటే చెప్పు."

దర్శిని దగ్గర ఇంకో ఉపాయం లేదు.

బీజాల మెరుపు దర్శినికి తప్ప ఎవరికీ కనబడకుండా పోయింది, కొత్త సబ్బు వచ్చింది. ఎవరికీ ఏమీ వివరించలేదు. అసలు విషయం బాలమణి సాత్విక్ ఒక్కడికే చెప్పింది. ఆయన విని, తల దించుకుని, పోయి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఆయన వార్డులోకి అడుగుపెట్టగానే, "వచ్చింది! సారు చెయ్యికి మళ్ళొచ్చింది!" అని కేకలు. దుప్పట్లు వాటంతటవే తొలిగాయి. మంచం దాటగానే మెరుపు తగ్గేది, ఆయన మళ్ళీ తొట్టి దగ్గరికి పోయేవాడు.

రోగుల్ని చూడవచ్చినవాళ్ళ చేతులు కూడా మెరుస్తాయని తెలియడానికి ఎక్కువ సమయం పట్టలేదు. ఆ తర్వాత తొట్ల దగ్గర వరసలు కట్టారు. "నాది నీకంటె ఎక్కువ మెరుస్తాంది" అని వదినా మరదళ్ళు పోటీలు పడ్డారు. సరిగ్గా రుద్దక మెరవని కుర్రవాణ్ణి వాళ్ళ మేనత్త, "నీ మనసుల ఏదో ఉన్నదిరా, అందుకే వస్తలేదు, మళ్ళ రుద్దు" అని వెనక్కి పంపింది. ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళి మాటలకు పోతూ సబ్బు ముక్క అడుక్కుపోయాడు. బాలమణి అందరికీ నేర్పాలని ఏళ్ళ తరబడి మొత్తుకున్న చేతికడుగుడు ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే సాగిపోతోంది. కారణం మాత్రం అబద్ధం.

వార్డు బేదులు ఆగిపోయాయి. దాదాపుగా. ఆరాధ్య మేడం ఆ సబ్బును రాష్ట్రంలోని మిగతా ఆసుపత్రులకు కూడా పంపుదామంది. వాసన కూడా తగ్గిందని కొందరన్నారు. బాలమణికి మాత్రం అలవాటు కొద్దీ ఇంకా వస్తున్నట్టే ఉండేది.

శ్రీనిధి మెరుగుపడుతోంది. నాటుకు వేళ్ళు దిగుతున్నాయనీ, ఇంకొక్క వారం ఏమీ సోకకుండా గడిస్తే గట్టెక్కినట్టేననీ దర్శిని చెప్పింది. కానీ ఆమెకు నిద్ర పట్టడం లేదు. మందు ఇచ్చినా బండి తిప్పినప్పుడల్లా మెలకువ వచ్చేది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. బాలమణిని ఏమీ అడగడం కూడా మానేసింది. వస్తే చూసేది, పోతుంటే చూసేది.

ఒక మధ్యాహ్నం బాలమణి తొట్టి దగ్గర ఆగింది. ముందు అనుకోలేదు, కాళ్ళు ఆగాయి. గ్లవుజులు తీసేసి సబ్బుతో రుద్దుకుంది. వేళ్ళ సందులు, అరచేతి వెనక, మణికట్టు. పసుపు వెలుగు మెల్లగా పుట్టి, చిక్కబడి, రెండు చేతులూ నిండా పరుచుకుంది. తాను కలిపిన ప్రొటీనే, తనకు తెలియని గుణం అందులో ఒక్కటీ లేదు. అయినా ఆ చేతుల్ని చూస్తుంటే చాలా కాలం తర్వాత అవి తనవి అనిపించాయి.

మంచం దగ్గరికి వెళ్ళి ఈసారి దూరంగా ఆగలేదు. అంచు మీద కూర్చుంది.

శ్రీనిధి మెరిసే చేతుల వైపు చూసి, "నీకు గూడ వచ్చిందా," అంది. ఎగతాళి ఉంది గానీ గొంతులో బలం లేదు.

"వచ్చింది."

"మరి పెట్టు."

బాలమణి అరచెయ్యి చిన్నమ్మ కడుపు మీద ఆనించింది. చర్మం పలచగా, మడతలు పడి ఉంది. కింద పేగులు మెల్లగా కదలడం చేతికి తెలిసింది. చుట్టూ మంచాల మీద వాళ్ళు మాటలాపి చూస్తున్నారు. "ఆమె చెయ్యి గూడ మంచిదే," అన్నారెవరో. బాలమణికి ఆ మాట వినబడింది. విని, వెన్ను కొంచెం నిటారుగా చేసుకుంది.

శ్రీనిధి ఆ చెయ్యి పట్టుకుని పైకి లాక్కుంది. రెండు కళ్ళకూ అద్దుకుంది. తర్వాత వదల్లేదు. చెంప కింద పెట్టుకుని, దాని మీదికి ఒరిగి, కళ్ళు మూసుకుంది. రెండు మూడు నిట్టూర్పులు విడిచింది. అంతే, నిద్రపోయింది. మందు లేకుండా, పసిపిల్ల పడుకున్నట్టు, నోరు కొంచెం తెరిచి.

చెవిలో దర్శిని మాట్లాడింది. "డాక్టర్ బాలమణి, మీ కుడిచేతి బొటనవేలి గోరు కింద బీజాలున్నాయి. అక్కడికి సబ్బు చేరలేదు."

బాలమణి చెయ్యి వైపు చూసింది. చెయ్యంతా ఒకే వెలుగు. ఏ గోరు, ఏ వేలు, ఏమీ తేడా తెలియడం లేదు.

"వేలు రోగి పెదవికి దగ్గరగా ఉంది. చెయ్యి తీయండి."

వెచ్చటి ఊపిరి వేళ్ళ మీద పడుతోంది. ఇన్నాళ్ళకు ఆ మొహం మీద ముడతలు వదులయ్యాయి. చెయ్యి లాగితే మెలకువ వస్తుంది. మళ్ళీ నిద్ర పడుతుందో లేదో. ఇప్పటిదాకా తగలనిది ఇంకాసేపట్లో మాత్రం తగులుతుందా. వార్డంతా ఇటే చూస్తోంది.

"డాక్టర్. చెయ్యి తీయండి."

"ఒక్క నిమిషం," అంది బాలమణి.